సెకండాఫ్‌లో పాప

శుక్రవారం మార్నింగ్ షోకి విడుదలైన ‘కడియాల వారిల్లు’ రెండో భాగంలో పాప పాత్ర అనవసరమని సమీక్షకులు రాయడంతో, ఆ మధ్యాహ్నం అన్నం తింటుండగా పాపకి ఎడమ చెయ్యి కనబడటం మానేసింది.

తల్లి వీరవేణి వెంటనే గమనించలేదు. పళ్లెంలో అప్పడం దానంతటది లేచి పాప నోటి దగ్గరికి వెళ్తుంటే అప్పుడు చూసింది. మోచేతి కింద ఏమీ లేదు. తడిమితే చెయ్యి ఉంది, పప్పు అంటుకుని, జిగటగా, వెచ్చగా. కనబడటం మాత్రమే లేదు. వీరవేణి పాప మూతి తుడిచి వంటింటి వైపు తిరిగింది.

“అత్తయ్యా, సమీక్షలు వచ్చేసినట్టున్నాయి.”

“అప్పుడేనా? మ్యాట్నీ కూడా పడలేదుగా” అంటూ అత్తగారు మంగాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాపని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఒక్క చెయ్యేగా. సాయంత్రానికి టాక్ మారొచ్చు. కంగారు పడకు. అసలు నీ కంగారు వల్లే వచ్చింది ఇదంతా.”

అదే మాట సమీక్షల్లో కూడా ఉంది.

ఆ ఊళ్లో పెళ్లయిన ప్రతి ఇంటినీ కాలవ లాకుల దగ్గర హాల్లో సినిమాగా ఆడిస్తారు. పెళ్లయి ఏడాది తిరిగేసరికి మొదటి భాగం, పిల్ల పుట్టి నడక వచ్చాక రెండో భాగం. కెమెరాలు ఎవరూ పెట్టరు. ఇంట్లో జరిగింది హాల్లో తెర మీద పడుతుంది. ఎలా పడుతుందని ఎవరూ అడగరు, కుళాయిలో నీళ్లు ఎలా వస్తాయని అడగనట్టే. అన్నీ కుటుంబ హాస్య చిత్రాలే. వేరే రకానికి మున్సిపాలిటీ అనుమతి లేదు. ఆ మధ్య ఒకరింట్లో పెద్దాయన పోతే, పాడె మోసేవాళ్లలో ఒకడి పంచె ఊడబట్టి ఆ కుటుంబం గట్టెక్కింది.

సమీక్షకులు బాగుందన్నది ఉంటుంది. బాగా లేదన్నది తీసేస్తారు. ఇందులో ఎవరికీ ఎవరి మీదా కక్ష లేదు. డబ్బిచ్చి వచ్చిన జనం రెండున్నర గంటలు కూర్చోవాలి కదా అంటారు.

కడియాల వారి మొదటి భాగం బాగా ఆడింది. ఇంటర్ మధ్యలో చదువు మానిపించి పెళ్లి చేసిన పిల్ల కాబట్టి వీరవేణికి అప్పటికి ఏ పనీ సరిగ్గా రాదు. ఆ రాకపోవడమే సినిమాకి బలమైంది. కొత్త కోడలు మిక్సీ మూత పెట్టడం మరిచిపోయి మీట నొక్కింది. కొబ్బరి పచ్చడి మొహమంతా చిమ్మింది. అత్తగారు వేలితో కోడలి బుగ్గ మీది పచ్చడి తీసి నాలిక మీద రాసుకుని, “పచ్చడి కుదిరింది, పిల్లకే ఉప్పు తగ్గింది” అంది. హాలు ఊగిపోయింది. ఇప్పటికీ వీధిలో ఎదురైనవాళ్లు వీరవేణిని ఆ మాటతోనే పలకరిస్తారు. ఆమె నవ్వాలి. నవ్వుతుంది. ఆ రోజు పచ్చిమిర్చి కంట్లో పడి ఆమె చాలా బాధపడిందట గానీ, నిడివి కోసం ఆ భాగం తీసేశారు కాబట్టి ఆమెకి అది గుర్తు లేదు. అద్దంలో చూసుకున్నప్పుడు మాత్రం కుడి కంటి తెల్లగుడ్డు మీద ఈ చిన్న మచ్చ ఎప్పటిదా అనుకుంటుంది.

భర్త సూరిబాబు ఎరువుల కొట్లో పని చేస్తాడు. విడుదల రోజు కాబట్టి సెలవు పెట్టాడు. సోఫాలో కూర్చుని ఫోన్లో సమీక్షలు పైకి చదివాడు.

“అత్త పాత్ర సినిమాకి ప్రాణం. భర్త పాత్ర పరిమితమే అయినా, సోఫాలో కూర్చున్న సన్నివేశాల్లో మెప్పించాడు.” ఈ వాక్యం రెండుసార్లు చదివాడు. తర్వాత గొంతు కొంచెం తగ్గించాడు. “సెకండాఫ్‌లో పాప రాకతో కథ దారి తప్పింది. మొదటి భాగంలో కడుపుబ్బ నవ్వించిన కోడలు ఇందులో పాప వెనకే తిరుగుతూ, గ్యాస్ కట్టేశానా, పాప ఏమైనా మింగిందా అని వెతుక్కుంటూ ఉంటుంది. జ్వరం సన్నివేశం మరీ సాగదీత. తల్లి పాప నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఉంటుంది. ప్రేక్షకుడికి విషయం మొదటి గుడ్డకే అర్థమైపోయింది.”

మొదటి గుడ్డ దగ్గర సూరిబాబుకి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు.

“డివైడ్ టాక్. రెండో భాగాలకి ఇది మామూలే, వేణీ.”

“పాప చెయ్యి కనబడటం లేదండీ.”

“చూశాను. కుడిచెయ్యి ఉందిగా, అన్నం తినడానికి.”

సాయంత్రానికి టాక్ మారలేదు. శనివారం తెల్లారేసరికి పాప కుడిపాదం కూడా లేదు. పాదంతో పాటు పట్టీ కూడా పోయింది. చప్పుడు మాత్రం ఉంది. వీరవేణి పాపని చంకనేసుకుని, ఉన్న పాదానికి చెప్పు తొడిగి, లేని పాదం చెప్పు సంచిలో వేసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది.

కత్తెర విభాగం జననమరణాల గది పక్కనే ఉంటుంది. రెండు గదులకీ ఒకటే ఫ్యాను, మధ్య గోడ పైన. గుమాస్తా త్రినాథ్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, పాప బుగ్గ గిల్లి, అప్పుడు చెప్పాడు.

“సోమవారం మ్యాట్నీ నుంచి కొత్త ప్రింటండి. పాపున్న సీన్లు తీసేస్తాం. ముందు కనబడ్డం పోద్ది, తరవాత తగలడం పోద్ది, ఆకర్న పేరు. ఇంటర్వెల్ దాటితే మీక్కూడా గుర్తుండదు. అంచేత ఇబ్బందేం ఉండదండి.”

“నాకిప్పుడు ఇబ్బందిగా ఉందండి.”

“ఇప్పుడుంటదండి. అందరికీ ఇప్పుడే ఉంటది.”

వీరవేణి దారిలో అనుకుని వచ్చిన మాట అడిగింది. “జ్వరం ఒక్కటి తీసేస్తే సరిపోదాండి? వాళ్లకి నచ్చనిది అదేగా.”

త్రినాథ్ ఆలోచించాడు. ఇలాంటివి అతనికి అలవాటే అయినా ఆలోచించకుండా జవాబు చెప్పే మనిషి కాడు. “జ్వరం తీస్తే తడిగుడ్డ తియ్యాలి. తడిగుడ్డ తీస్తే తగ్గడం తియ్యాలి. జ్వరం తగ్గకుండా పాపని తరవాతి సీన్లో ఎలా నడిపిస్తామండి? కుదరదు. అయితే ఇంకో దారుంది. కొత్త కామెడీ సీను కలపడం. రేపు చీకటి పడేలోగా మీ ఇంట్లో ఏదైనా జరగాల. పాప అందులో ఉండాల. ఇంటర్వెల్ అవగానే మొదటి సీనుగా కలుపుతాం. హాలు నవ్విందంటే పాప ఉంటది. చిన్న నవ్వు కాదండి, వెనక బెంచీ దాకా రావాల.”

“ఎలాంటిది జరగాలండి?”

“అది తెలిస్తే నేనిక్కడెందుకుంటానండి” అని త్రినాథ్ ఆమె మొహం వైపు పరకాయించి చూశాడు. “మిక్సీ సీను మీదేనా? మా ఇంట్లో ఆడోళ్లు ఇప్పటికీ అంటారు, పచ్చడి కుదిరింది…” అని, మిగతాది ఆమె అంటుందని ఆగాడు.

“పిల్లకే ఉప్పు తగ్గింది” అంది వీరవేణి.

అతను బల్ల చరిచి నవ్వాడు. ఆ నవ్వులో పాప కుడిపాదం ఒక్క క్షణం కనబడి, ఫ్యాను గాలికి దీపం ఆరినట్టు పోయింది. వీరవేణి చూసింది. త్రినాథ్ చూడలేదు.

తడిగుడ్డ వాక్యం రాసిన సమీక్షకురాలి పేరు వాణీకుమారి. కాలవ గట్టు మీద రెండో వీధిలో ఉంటుంది. వీరవేణి ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లింది. ఆవిడ తలుపు తీసి, పాపకేసి చూసి, లోపలికి రమ్మంది. టీ పెట్టింది.

“నేను రాసింది తప్పని చెప్పడానికొచ్చావా అమ్మాయ్?”

“లేదండి. బాగా రాశారు. మా ఆయన కూడా నవ్వారు. కొంచెం మార్చి రాస్తారేమోనని.”

“ఏమని?”

“పాప ఉన్నా పర్వాలేదు అని. అంతేనండి. బాగుంది అననక్కర్లేదు.”

వాణీకుమారి టీ గ్లాసు అరచేతుల్లో తిప్పుతూ అడిగింది. “జ్వరం ఎంతొచ్చింది?”

“నూటమూడు దాటిందండి. చేతులు కాళ్లు కొట్టుకుంది. మా ఆయన బండి స్టార్టవలేదు.”

“తెర మీద నూటమూడు కనబడదమ్మా. గుడ్డే కనబడుతుంది. నేను కనబడిందే రాయాలి.”

ఆవిడ మాటల్లో కాఠిన్యం లేదు. పాపని ఒళ్లోకి తీసుకుంది. కనబడని పాదం కూడా ఎక్కడుందో తెలిసినట్టే సర్ది కూర్చోబెట్టుకుంది. వీరవేణి తల ఎత్తి చూసింది. గది మధ్యలో పైకప్పుకి రెండు ఇనప కొక్కేలు ఉన్నాయి. ఒకదానికి ఉల్లిపాయల బుట్ట వేలాడుతోంది.

“నాకు పిల్లల్లేరు” అంది వాణీకుమారి, ఆ చూపు గమనించి. “మా రెండో భాగం కూడా వచ్చిందంటారు. ఆడలేదంట. ఆ కొక్కేలు ఎందుకు కొట్టించామో గుర్తు లేదు. ఉయ్యాలకి కొట్టించినట్టు లేదూ?”

“ఉయ్యాలకేనండి. రెంటి మధ్య అంత దూరం వేరే దేనికీ పెట్టరు.”

“అయితే అదే అయ్యుంటుంది. ఉల్లిపాయలకి బాగా పనికొస్తోంది, ఎలకలు అందుకోవు.” ఆవిడ పాపని తిరిగి ఇచ్చింది. “బాధేమీ ఉండదమ్మాయ్. నీకు నేను చెప్పగలిగింది అదే. టీలో పంచదార సరిపోయిందా?”

సరిపోయిందని వీరవేణి చెప్పింది. ఒళ్లో పాప లేకపోయినా ఆవిడ కుడికాలి బొటనవేలు నేలని మెల్లగా తోస్తూనే ఉంది, ఉయ్యాల ఊపుతున్నట్టు. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు.

సాయంత్రం సక్సెస్ మీట్ జరిగింది. సినిమా ఎలా ఉన్నా శనివారం సాయంత్రం హాలు ముందు సక్సెస్ మీట్ పెట్టడం ఆ ఊరి ఆచారం. ఫ్లెక్సీ మీద సూరిబాబు, మంగాయమ్మ, వీరవేణి ఉన్నారు. వీరవేణి చంకలో తెల్లగా ఖాళీ ఉంది, అక్కడ ‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం’ అని అచ్చేశారు. మంగాయమ్మకి శాలువా కప్పారు. సూరిబాబు మైకు పట్టుకుని, మమ్మల్ని ఇంతగా ఆదరిస్తున్న ప్రేక్షక దేవుళ్లకి రుణపడి ఉంటామని, ఇది ఒక్క ఇంటి విజయం కాదని, మీ అందరి ఇంటి విజయమని అన్నాడు. కింద కూర్చున్నవాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు వీరవేణి చేతికొచ్చింది. ఆమె పాప పేరు చెబుదామని నోరు తెరిచింది. ముందు వరసలో ఎవరో “పచ్చడి” అని అరిచారు. ఆమె పచ్చడి మాటే చెప్పి కూర్చుంది.

ఇంటికెళ్లేటప్పటికి పాపకి నడుము కింద ఏమీ కనబడటం లేదు.

ఆదివారం పొద్దున్నే మంగాయమ్మ కొంగు బిగించింది. మనవరాలంటే ఆవిడకి ప్రేమ లేక కాదు. పైగా హాస్యం సంగతి తనకి తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలీదని సమీక్షల్లోనే ఉంది.

“మిక్సీ తియ్యి. మూత పెట్టకు. పాపని పక్కన కూర్చోబెట్టు. నొక్కు.”

వీరవేణి నొక్కింది. పచ్చడి మొహాన చిమ్మింది. కళ్లు ముందే మూసుకుంది. మంగాయమ్మ వేలితో తీసి నాకి, కాసేపు ఆలోచించి, పెదవి విరిచింది.

“లాభం లేదే. వస్తుందని తెలిసి నిలబడ్డావు. ఎదురుచూస్తే రాదది.”

“పాపకి మీసాలు పెట్టండి” అన్నాడు సూరిబాబు సోఫాలోంచి.

కాటుకతో మీసాలు పెట్టారు. అప్పటికి బుగ్గలు పోతున్నాయి. కాసేపటికి మొహంలో మీసాలు, ఒక కన్ను మిగిలాయి. సూరిబాబు నవ్వబోయి, ఎటు చూసి నవ్వాలో తెలియక ఫోను తీసుకున్నాడు. మంగాయమ్మ పప్పులో ఉప్పు బదులు పంచదార వేయించింది. చీర తిరగేసి కట్టించింది. బల్లి బొమ్మ తెప్పించి కోడలి భుజాన వేసింది. వీరవేణి అన్నింటికీ గెంతింది. గెంతుతూ పాప వైపే చూసింది. మధ్యాహ్నానికి మీసాలు కూడా లేవు. స్నానం చేయిస్తుంటే చెంబులో నీళ్లు కొంచెం ఆగి, ఎవరో ఉన్నారా లేరా అని అడిగినట్టు ఆగి, కిందకి పోయాయి.

చేతికి పాప అందీ అందనట్టుంది, ఇక తెలిసేది పట్టీల చప్పుడు ఒక్కటే. వీరవేణి దాని వెనకే తిరిగింది. మంచం కింద, బీరువా పక్కన, వంటింట్లో గ్యాస్ బండ దగ్గర. గ్యాస్ కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. సమీక్షకులు వద్దన్న పనే అది, కానీ ఇప్పుడు చప్పుడు వినడానికి ఇంకో దారి లేదు. సాయంత్రం మంగాయమ్మ వీధి అరుగు సబ్బు నీళ్లతో కడగడం మొదలుపెట్టింది. ఆదివారం అరుగు కడగడం ఆవిడ ఏ సినిమా కోసమూ మానలేదు. సూరిబాబు అరుగు చివర కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు.

అప్పుడు పట్టీల చప్పుడు ఆగిపోయింది.

వీరవేణి చెవి ఒగ్గింది. ఫ్యాను కట్టింది. మంచం కింద లేదు. బీరువా పక్కన లేదు. పిలిస్తే పలికే వయసు కాదు. నవ్వించాలని, సీను కలపాలని, చీకటి పడబోతోందని, అన్నీ మరిచిపోయింది. తర్వాత బయట మేడ మెట్ల మీద, పై మెట్టు దగ్గర, ఒక్కసారి ఘల్లుమంది. ఆ మెట్లకి పిట్టగోడ లేదు. ఈ దసరాకి కట్టిద్దామని సూరిబాబు మూడు దసరాలుగా అంటున్నాడు.

ఆమె పరిగెత్తింది. అరుగు మీద సబ్బు నీళ్లలో కాలు పెట్టింది. కాలు ముందుకి పోయింది, మనిషి వెనక్కి పోయింది. ఆసరా కోసం బట్టల తాడు పట్టుకుంటే తాడు తెగి, సూరిబాబు లుంగీ తలమీద ముసుగులా పడింది. ఏమీ కనబడకుండానే అరుగు ఈ చివర నుంచి ఆ చివరకి జారి, మంగాయమ్మ బకెట్‌ని, సూరిబాబు కుర్చీని, అతని టీ గ్లాసుని కలుపుకుని మెట్ల కింద ఆగింది. చెయ్యి కింద ఏదో టప్పున విరిగిన చప్పుడైంది. అదే క్షణంలో పైనుంచి కనబడని బరువొకటి, వెచ్చగా, ఆమె గుండెల మీద పడింది. లుంగీ ముసుగులోనే వీరవేణి దాన్ని రెండు చేతులా పొదువుకుంది.

మంగాయమ్మ ఖాళీ బకెట్ చూసుకుంది. కోడల్ని చూసింది.

“అరుగు చీపురుతో తుడుస్తారమ్మాయ్, మనిషితో కాదు” అంది.

వీధిలో వెళ్తున్న ఇద్దరు ఆగి నవ్వారు.

వీరవేణి మణికట్టు ఉబ్బుతోంది. నొప్పి అని పైకి అంటే అది ఏడుపు సీనైపోతుంది. చీర కొంగు పళ్లమధ్య పెట్టుకుని, చీకటి పడేదాకా అలాగే ఉంది.

సోమవారం మ్యాట్నీకి ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారు. కుటుంబం వెనకే కూర్చోవాలని నియమం, ముందు కూర్చుంటే జనం నవ్వడానికి మొహమాటపడతారని. వీరవేణి ఒళ్లో చేతులు గుండ్రంగా చేసి పెట్టుకుంది. లోపల ఏదైనా ఉందో లేదో తెలియడం లేదు. పట్టీల చప్పుడు కూడా పొద్దుటి నుంచి లేదు. మొదటి సగమంతా ఆమె లోపల్లోపల ఒకటే పేరు అనుకుంటూ కూర్చుంది. ధన్వి, ధన్వి, ధన్వి. నోట్లో పాలబిళ్లని చప్పరించకుండా దాచుకున్నట్టు.

ఇంటర్వెల్‌లో సూరిబాబు పాప్‌కార్న్ తెచ్చాడు. మూడు పెద్ద పొట్లాలు, ఒక చిన్నది. అందరికీ ఇచ్చాక చిన్న పొట్లం చేతిలో మిగిలింది. దాన్ని తిప్పి చూశాడు.

“ఇదెవరికి కొన్నాను?”

“నాకే అయ్యుంటుంది” అని మంగాయమ్మ తీసుకుంది.

వీరవేణి నోరు తెరిచింది. ఎవరికి కొన్నాడో చెప్పాలి. పేరు నాలిక చివర ఉంది. ధ అని వచ్చింది. తర్వాత అక్షరం రాలేదు. ధనియాలు అనుకుంది. ధనియాలు తెమ్మని చెప్పాలేమో అనుకుంది. చేతులు ఒళ్లో ఎందుకు గుండ్రంగా పెట్టుకున్నానా అని చూసుకుంది, అయినా తీయలేదు. ఎందుకో తీయబుద్ధి కాలేదు.

లైట్లు ఆరిపోయాయి.

తెర మీద ఒక ఆడమనిషి ఇంట్లో నిలబడి ఉంది. ఫ్యాను కట్టింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎవరో దగ్గారు. ఎవరో ఫోను చూసుకున్నారు, ఆ వెలుగు సీలింగు మీద పడింది. తెర మీద ఎక్కడో ఘల్లుమంది. ఆడమనిషి మొహం తెర నిండా వచ్చింది. కళ్లు పెద్దవై, నోరు సగం తెరుచుకుని, అంత భయం వీరవేణి ఎప్పుడూ ఎవరి మొహంలోనూ చూడలేదు. ముందు బెంచీలో ఒకాయన కిసుక్కుమన్నాడు.

కాలు జారింది. నవ్వు రెండో వరసకి వచ్చింది. తాడు తెగింది. లుంగీ పడింది. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు ఒక్కసారిగా లేచింది. బకెట్, కుర్చీ, టీ గ్లాసు. మంగాయమ్మ మాట పడేసరికి హాలు మొత్తం కుర్చీల్లోంచి లేచి కూర్చుంది. ఈలలు వేశారు. ఒన్స్‌మోర్ అని అరిచారు. నవ్వు వెనక బెంచీకి వచ్చి గోడకి తగిలి తిరిగి ముందుకి వెళ్లింది.

ఒళ్లో బరువు మొదలైంది. ముందు పట్టీల చప్పుడు, తర్వాత పాదాలు, చమటపట్టిన మెడ. కాటుక మీసాలతో మొహం వచ్చింది. చిట్టచివర ఎడమ చెయ్యి వచ్చి, తిన్నగా మంగాయమ్మ పొట్లంలోకి వెళ్లింది.

“ధన్వీ, అది నీకే కొన్నానే” అన్నాడు సూరిబాబు, జ్ఞాపకం వచ్చి.

సాయంత్రానికి వాణీకుమారి తన సమీక్షకి కొత్త పేరా కలిపింది. “సోమవారం నుంచి చేర్చిన సన్నివేశం సినిమా స్థాయినే మార్చేసింది. మొదటి నుంచీ విసిగించిన తల్లి కంగారు ఇక్కడ చాలా సహజంగా పండింది. పాప ఉన్నా పర్వాలేదు.”

మణికట్టుకి కట్టు వేసిన డాక్టరు పిండికట్టు తడుపుతూ తనలో తాను నవ్వుకున్నాడు. ఎలా పడ్డావని అడగలేదు. మ్యాట్నీ చూశానమ్మా అన్నాడు. చెయ్యి తిప్పినప్పుడు వీరవేణి అమ్మా అంటే, ఇంకా గట్టిగా నవ్వి, పక్క గదిలో నర్సుని పిలిచి చూపించాడు.

సినిమా రెండో వారంలోకి వెళ్లింది. ఇళ్ల సినిమాలు ఒక వారంతో తీసేసే ఆచారం లేదు, జనం వచ్చినంతకాలం ఆడతాయి. అయితే చూసినవాళ్లే మళ్లీ వస్తారు కాబట్టి నవ్వు కొంచెం కొంచెం పలచబడుతుంది. పలచబడిన రోజు పాప చిటికెన వేలు పాలిపోయి, అవతల గోడ కనబడేది. వీరవేణి త్రినాథ్‌ని అడిగితే, అది మామూలేనని, ఎప్పటికప్పుడు కొత్త సీన్లు కలుపుకుంటూ పోవాలని, చాలా ఇళ్లు అలాగే నడుస్తున్నాయని చెప్పాడు. “మీరొక్కరే అనుకుంటున్నారేమోనండి. వీధిలో పడిపోతున్న ఆడోళ్లని ఇంతకుముందు మీరు గమనించుండరు.”

నిజంగానే ఆమె గమనించలేదు. ఆ తర్వాత గమనించింది. రేషన్ షాపు ముందు బియ్యం సంచితో సహా పడినావిడ, గుడి మెట్ల మీద కొబ్బరికాయతో దొర్లినావిడ, ఇద్దరూ లేస్తూనే ముందు చంకలో పిల్లకేసి చూసుకున్నారు.

మూడో వారం మొదలైన శుక్రవారం పొద్దున స్నానం చేయించి పాప వేళ్లు చూసింది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. సూరిబాబు సోఫాలో ఉన్నాడు. మంగాయమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. వీరవేణి చెంబుతో నీళ్లు పట్టుకుని వంటింట్లోంచి వస్తూ గడప తట్టుకుని పడింది. చెంబు దొర్లుకుంటూ వీధి గుమ్మం దాకా పోయింది.

మంగాయమ్మ నవ్వింది. సూరిబాబు నవ్వాడు. గట్టిగా, ఇంతకుముందు ఎప్పుడూ నవ్వనంత గట్టిగా, పాప నవ్వింది. రెండు చేతులూ చప్పట్లు కొట్టింది. నేల మీద పడి ఉన్న వీరవేణి ఆ వేళ్లు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. “మీ ఇంట్లో పొద్దున్నే నవ్వులేనమ్మా. అదృష్టం.”

“అవునండి” అంది వీరవేణి లేస్తూ. కట్టు ఉన్న చెయ్యి నేలకి తగిలింది.

పాప ఆమె మొహంలోకి చూసింది. ఈమధ్యే మాటలు వస్తున్నాయి.

“మల్లీ” అంది.

వీరవేణి చెంబు తీసుకుని, నీళ్లు నింపుకుని, గడప అవతల నిలబడింది. నేల ఎక్కడ గట్టిగా ఉందో, చెయ్యి ఎటు పడుతుందో చూసుకోలేదు. చూసుకుని పడితే నవ్వు రాదు.